లారీ ఏసీలో దాక్కున్న అడవి

"అక్కా, మన లారీకి జలుబు చేసింది" అంటూ ఫోన్ చేసింది మా తోడికోడలు, ఒక వేసవి పొద్దున.

లారీకి జలుబేమిటే అని నవ్వబోయాను. "నవ్వకక్కా, ఏసీ వేస్తే చాలు, లోపల కూర్చున్నోళ్ళు తుమ్మీ తుమ్మీ చస్తున్నారు. మిర్చి ఘాటు వస్తోంది గాలిలో. అది కూడా ఏడాది ముసలాయన ఊపిరిలాగా సన్నగా వస్తోంది" అంది. ఆమె గొంతులో మాత్రం నవ్వు లేదు. ఎందుకో తర్వాత తెలిసింది.

మాది పినపాక. గోదావరి పక్కన, అడవి అంచున ఉన్న ఊరు. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో కలిసింది గానీ, మా పెద్దవాళ్ళ నోట్లో ఇప్పటికీ ఖమ్మం జిల్లాయే. ఇక్కడ లారీ ఉన్న ఇంటికి పని కరువుండదు. మణుగూరులో సింగరేణి బొగ్గు గనులు, సారపాకలో కాగితం మిల్లు, గోదావరి ఒడ్డు పొలాల్లో మిరప తోటలు. మా మరిది లారీ మిర్చి రోజుల్లో ఖమ్మం యార్డుకి బస్తాలు మోస్తుంది, మిగతా రోజుల్లో జామాయిల్ కర్ర మిల్లుకి మోస్తుంది. సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఫైనాన్సు వాళ్ళ వాయిదాలు ఇంకా ఉన్నాయి. ఆ లారీకి ఏసీ ఉండడం ఇంటిల్లిపాదికీ గొప్పగా ఉండేది. పిల్లలయితే లారీ ఇంటి ముందు ఆగితే చాలు, ఎక్కి కూర్చునేవారు, ఇంట్లో లేని చల్లదనం అక్కడుందని!

మా వైపు మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నలభై అయిదు డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఇంజన్ వేడి కింద నుంచీ, ఎండ పైనుంచీ. అందులో పది, పన్నెండు గంటలు స్టీరింగ్ పట్టుకుని కూర్చునే మనిషికి చల్లగాలి విలాసం కాదని ప్రభుత్వానికి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకీ, మూడున్నర టన్నులు దాటిన సరుకు బండ్లకీ డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలని 2023 డిసెంబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి ఇక ముందు మా తోడికోడలి కష్టం చాలా మంది లారీ ఇళ్ళలో ఆడవాళ్ళకి వస్తుంది. ఈ నాలుగు ముక్కలూ రాయడం అందుకే.

గ్యాస్ పట్టిస్తే తగ్గని జబ్బు

గాలి సన్నగా వస్తోందని మరిది మొదట పట్నంలో ఒక ఏసీ షాపుకి తీసుకెళ్ళాడు. వాళ్ళు పెట్టె విప్పి చూడలేదు. "గ్యాస్ తగ్గింది" అన్నారు, పట్టించారు, ఏడు వేలు తీసుకున్నారు. నాలుగు రోజులు బాగానే ఉన్నట్టనిపించింది. మళ్ళీ మామూలే. ఒక గంట చల్లగా వచ్చేది, తర్వాత గాలి ఆగిపోయేది. ఆపేసి టీ తాగి వచ్చి వేస్తే మళ్ళీ వచ్చేది. ఈ లక్షణం బాగా గుర్తుపెట్టుకోండి, దీని సంగతి తర్వాత చెబుతాను. ఇంకోటి, ఫ్యాన్ ఒకటి, రెండు, మూడు నంబర్ల మీద తిరగడం మానేసింది, నాలుగు మీద మాత్రమే గిర్రుమనేది. తిరిగేటప్పుడు టపటపమని చప్పుడు.

బయటి గాలి తీసుకుంటే మిర్చి ఘాటు, ముక్క వాసన. అందుకని మరిది లోపలి గాలినే తిప్పే మీట నొక్కి, అద్దాలన్నీ బిగించి నడపడం మొదలుపెట్టాడు. రోజూ మధ్యాహ్నానికి తలనొప్పి. ఒకరోజు అశ్వాపురం దాటి వస్తుండగా రెండు గంటల వేళ కన్ను మూతపడింది. లారీ రోడ్డు మార్జిన్ దిగింది. క్లీనరు కుర్రాడు కేక వేసి స్టీరింగ్ తిప్పబట్టి చెట్టుకి తగల్లేదు. వెనక పదహారు టన్నుల కర్ర ఉంది.

ఈ మాట మరిది ఇంట్లో చెప్పలేదు. క్లీనరు కుర్రాడు నోరు జారాడు. ఆ రాత్రి మా తోడికోడలు లారీ తాళాలు తీసి బియ్యం డబ్బాలో దాచేసింది. "పెట్టె విప్పి చూసేదాకా బండి కదలదు" అంది. తెల్లారి నాకు ఫోన్ చేసింది, బీఎస్సీ చదివావు కదక్కా, రా, అని. నేను ఫిజిక్సులో ఆవిరి గురించి రాసి పాసయినదాన్నే తప్ప లారీ డ్యాష్‌బోర్డు వెనక ఏముంటుందో చూసిన పాపాన పోలేదు.

ఆ పెట్టెలో ఏముంటుంది?

చాలా తేలిక. వేసవిలో చల్లటి చెంబు బయట చెమట పడుతుంది కదా, అదే సూత్రం. డ్యాష్‌బోర్డు వెనక, క్లీనరు కూర్చునే వైపున ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. దాంట్లో ఒక గుండ్రటి ఫ్యాన్, దాన్ని బ్లోయర్ అంటారు. దాని ముందు పల్చటి అల్యూమినియం రేకులు పేజీల్లా దగ్గరదగ్గరగా పేర్చిన కూలింగ్ కాయిల్. బ్లోయర్ గాలిని ఆ రేకుల సందుల్లోంచి తోస్తుంది. గాలి చల్లబడి మన మొహాన కొడుతుంది. గాల్లో తేమ రేకుల మీద చెమటలా పట్టి, కింద పళ్ళెంలోకి జారి, ఒక సన్నటి రబ్బరు గొట్టంలోంచి రోడ్డు మీద పడుతుంది. ఏసీ వేసిన బండి కింద చుక్కలు చుక్కలుగా నీళ్ళు పడడం చూసే ఉంటారు.

అన్నట్టు, ఈ యంత్రం మనుషుల సుఖం కోసం పుట్టలేదు. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సుకి దీన్ని తయారుచేశాడు. అక్కడి గాల్లో తేమకి కాగితం సాగి, రంగు మీద రంగు సరిగా పడేది కాదట. ముందు కాగితం చల్లబడింది, కార్లకి 1939లో ప్యాకార్డ్ కంపెనీ వాళ్ళు పెట్టారు. కాగితం మిల్లుకి కర్ర మోసే మా మరిదికి చల్లగాలి రావడానికి ఇంకో ఎనభై ఏళ్ళు పట్టింది.

సరే, ఆ పెట్టెకి బయటి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఒక కన్నం ఉంటుంది. చెట్టు కింద బండి ఆపితే రాలినదంతా ముందు అద్దం మీద నుంచి జారి సరిగ్గా అక్కడే చేరుతుంది. ఫ్యాన్ దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. పట్నంలో అయితే దుమ్ముతో సరి. మా దగ్గర అడవి మొత్తం దూరుతుంది. ఈ కన్నానికి వెనక గాలి వడపోసే ఫిల్టర్ ఉండాలి. మా లారీలో ఫిల్టర్ చోటు ఉంది, ఫిల్టర్ లేదు. పాత యజమాని మురికి పట్టిందని తీసి పారేసి ఉంటాడు.

విప్పిన రోజు

ముందు చెయ్యవలసిన పనులు రెండు. బ్యాటరీ మైనస్ వైరు ఊడదీయాలి. రెండోది, లోపల చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి, కర్రపుల్లతో కదిలించి చూడాలి. మాది అడవి ఊరు. తేలు ఉంటుంది, పామూ ఉంటుంది. మరిది ఇష్టం లేని మొహంతో నిలబడ్డాడు గానీ, "ఆగు వదినా, నేను చూస్తా" అని ఆ టార్చి పని తనే చేశాడు.

సామాను అంతా ఇంట్లోదే. స్క్రూడ్రైవరు, పది నంబరు పానా, పాత టూత్ బ్రష్షులు, రంగు వేసే మెత్తటి బ్రష్షు, గుడ్డ పేలికలు, మిరప కోతలకి వాడే చేతి తొడుగులు, మూతికి మాస్కు. క్లీనరు సీటు ముందున్న సామాన్ల అర లాగేస్తే బ్లోయర్ మోటారు అడుగు కనిపించింది. మూడు స్క్రూలు, ఒక వైరు ప్లగ్గు. మా తోడికోడలు ఫోనుతో ముందు ఫోటో తీసి పెట్టుకుంది, తిరిగి బిగించేటప్పుడు తికమక లేకుండా. మోటారు కిందికి దిగింది. దాంతోపాటు ఒడి నిండా చెత్త పడింది.

ఆ చెత్తని ఆమె పాత దినపత్రిక మీద పరిచింది. నేను చూస్తూ ఉండిపోయాను. పైన జామాయిల్ ఆకులు, కర్ర మీద నుంచి ఊడిన బెరడు పీచు. దాని కింద మిరప గింజలు, తొడిమలు, ఎర్రటి పొట్టు. ఇంకా కింద బూరుగు దూది ఉండలు, ఎండి నల్లబడ్డ ఇప్పపూలు, తునికాకు ముక్కలు. అడుగున టేకు ఆకులు, చేత్తో ముడితే జల్లెడలా అయిపోయినవి. అంటే చలి చివర రాలిన టేకు ముందు చేరింది, మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు, తర్వాత తునికాకు కాలం, అన్నీ వరసగా. వీటన్నిటి మధ్య సందుల్లో బొగ్గు దుమ్ము, కాటుకలా మెత్తగా. మణుగూరు రోడ్డు మీద తిరిగే ప్రతి బండికీ ఆ కాటుక తప్పదు.

"ఇది చూడక్కా" అంది తోడికోడలు. ఒక టేకు ఆకు అంచు గోధుమరంగులో మాడి ఉంది. పెట్టె గోడకి రెసిస్టర్ అని ఒక చిన్న తీగచుట్ట ఉంటుంది. ఫ్యాన్ వేగం తగ్గించేది అదే. అది పని చేస్తుంటే కాలుతుంది, గాలి తగిలితేనే చల్లారుతుంది, అందుకే దాన్ని గాలి దారిలో పెడతారు. గాలికి ఆకులు అడ్డం పడితే అది కాలి మాడిపోతుంది. ఒకటి, రెండు, మూడు నంబర్లు పని చెయ్యకపోవడానికి కారణం అది. పక్కన ఎండుటాకు ఉంటే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. మరిది ఆ ఆకుని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. అప్పటిదాకా "ఆడోళ్ళకి లారీ పని ఏంది" అని గొణుగుతున్న మనిషి ఆ తర్వాత మాట్లాడలేదు.

ఎలుక గూడు

ఆకులు తీసేశాక మూలన ఎలుక గూడు కనిపించింది. దూది, గోతం పీచు, కాటా చీటీలు కొరికి చేసిన మెత్తటి పరుపు. ఎలుకలు లేవు, వాటి మూత్రం వాసన మాత్రం ఉంది. ముక్క వాసన అదన్నమాట! మా వాళ్ళు నాలుగు నెలలుగా పీల్చింది ఆ గూటి మీద నుంచి వచ్చిన గాలినే. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్, అంటే మన వాళ్ళు ఎలుక జ్వరం అనేది వస్తుంది, చేతి మీద గీతలూ గాట్లూ ఉంటే మరీ ప్రమాదం. అందుకని పొడిగా ఉండగా దులపకూడదు, ఊడవకూడదు. తొడుగులు వేసుకుని, బ్లీచింగ్ కలిపిన నీళ్ళు గూటి మీద చిలకరించి, కాసేపు నాననిచ్చి, తడి గుడ్డతో ముద్దగా తీసి కవర్లో కట్టెయ్యాలి. ఆ నీళ్ళు అల్యూమినియం రేకుల మీద పడకుండా చూసుకోవాలి, తింటాయి. వైర్లు ఎక్కడైనా కొరికి ఉన్నాయేమో కూడా టార్చి వేసి చూశాం. ఒక చోట తొడుగు పోయింది, ఎలక్ట్రీషియన్‌తో తర్వాత అతికించుకున్నాడు.

ఇక కూలింగ్ కాయిల్. మోటారు కన్నంలోంచి చూస్తే దాని మొహం కనిపిస్తుంది. రేకుల మీద దుమ్మూ తేమా కలిసి కంబళిలా పట్టింది. గాలి అందులోంచి దూరలేదు. గాలి కదలకపోతే రేకుల మీద చెమట గడ్డకట్టి మంచవుతుంది, మంచు మిగిలిన సందుల్నీ మూసేస్తుంది. బండి ఆపితే మంచు కరుగుతుంది, వేస్తే మళ్ళీ గంట పనిచేస్తుంది. టీ తాగి వస్తే బాగయ్యే ఏసీ రహస్యం ఇదీ! గ్యాస్‌తో దీనికి సంబంధం లేదు. ఆ ఏడు వేలు గుర్తొచ్చి మా తోడికోడలు నాలుగు మాటలంది, అవి ఇక్కడ రాయను.

రేకులు మహా సుకుమారం. గోరు తగిలినా వంగిపోతాయి. మెత్తటి బ్రష్షుతో నిలువుగా, రేకులు ఏ వైపు ఉన్నాయో ఆ వైపుకే దువ్వాలి, అడ్డంగా కాదు. తెలిసిన దర్జీ ఇంట్లో మిషన్ల దుమ్ము పీల్చే చిన్న వాక్యూమ్ ఉంటే అడిగి తెచ్చాం. సర్వీసింగ్ సెంటర్లో లారీ కడిగే నీళ్ళ పంపు మాత్రం దీనికి పెట్టకండి. రేకులన్నీ చాపలా పడుకుంటాయి. కాయిల్‌కి వెళ్ళే అల్యూమినియం గొట్టాల నట్లు కూడా ముట్టుకోకూడదు. లోపల గ్యాస్ ఒత్తిడితో ఉంటుంది, చేతి మీద చిమ్మితే చర్మం గడ్డకట్టి కాలినట్టు అవుతుంది. అది మెకానిక్ పనే.

చివరికి నీళ్ళు పోయే రబ్బరు గొట్టం. దాని మూతి బురదతో పూడుకుపోయింది. క్లీనరు వైపు కాళ్ళ కింద పట్టా ఎప్పుడూ తడిగా ఎందుకుంటోందో అప్పుడర్థమైంది. కింద నుంచి సన్నటి తీగ మెల్లగా పెట్టి కదిలించేసరికి అరచెంబు నల్లటి నీళ్ళు దూకాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. కొత్త రెసిస్టర్ మణుగూరులో తెచ్చి వేశాడు మరిది. మోటారు బిగించి, బ్యాటరీ వైరు పెట్టి ఏసీ వేస్తే నా కొంగు ఎగిరి మొహం మీద పడింది.

బియ్యం జల్లెడ

ఇదంతా బాగానే ఉంది, మళ్ళీ చెత్త చేరకుండా ఎలా? మా తోడికోడలు ఇంట్లోకి వెళ్ళి పిండి జల్లెడ తెచ్చింది, దాని తీగవల కత్తిరించి కన్నం మీద బిగిద్దామని. రెండు రోజులకే బొగ్గు దుమ్ముతో పిండి జల్లెడ మూసుకుపోయింది, గాలి మళ్ళీ తగ్గింది. అప్పుడు బియ్యం జల్లెడ వల వేసింది. ఇదీ సరైన కొలత! ఆకునీ ఎలుకనీ ఆపుతుంది, గాలిని ఆపదు. దుమ్ముని ఆపడానికి లోపల ఫిల్టర్ వెయ్యాల్సిందే. దాన్ని నెలకోసారి తీసి దులపాలి, మెత్తబడితే మార్చాలి. లారీ ముందు జాలీ వెనక ఉండే కండెన్సర్ వేరే. దాని దుమ్ము ఇంజన్ చల్లారాక మెల్లగా పారే నీళ్ళతో కడిగితే చాలు.

బండిని ఇప్పచెట్టు కింద ఆపొద్దంటే మాత్రం మరిది వినలేదు. "వదినా, నీడ కూడా వద్దంటే ఎట్లా?" అన్నాడు. నిజమే. ఆపుకో గానీ, బయల్దేరే ముందు అద్దం కింద ఒకసారి చీపురు ఆడించు అని ఒప్పందం కుదిరింది.

రెండు విషయాల్లో మాత్రం ఒప్పందం లేదు, ఆజ్ఞే. లోపలి గాలిని తిప్పే మీట బొగ్గు రోడ్డు దాటేవరకే వాడాలి. దుమ్ము అయిపోగానే బయటి గాలికి మార్చాలి. బిగించిన క్యాబిన్‌లో ఇద్దరు వదిలిన ఊపిరే మళ్ళీ మళ్ళీ పీలిస్తే తలనొప్పి, మత్తు వస్తాయి. ఆ రోజు రెండు గంటల వేళ కన్ను మూతపడింది ఒక్క ఎండ వల్లే కాదని నా అనుమానం. ఇక రెండోది ఇంకా ముఖ్యం. యార్డు దగ్గర లైన్లో రాత్రంతా ఆగాల్సి వస్తుంది, ఇంజన్ ఆన్‌లో ఉంచి, అద్దాలు మూసి, ఏసీ వేసుకుని పడుకునేవాళ్ళు చాలామంది. పొగగొట్టంలో చిల్లు ఉన్నా, పక్కనున్న లారీల పొగ లోపలికి చేరినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కాబట్టి మెలకువ కూడా రాదు. పడుకోవాలంటే ఇంజన్ ఆపి, అద్దాలు దించి, దోమతెర కట్టుకోవడమే. చెమట పడితే పట్టనీ.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం మా తోడికోడలు ఆ సామాన్ల అర లాగుతుంది. పది నిమిషాల పని. మొన్నటిసారి రెండు జామాయిల్ ఆకులు, ఒక మిరప తొడిమ, అంతే దొరికాయి. మరిది ఆ అరలో ఆమె టూత్ బ్రష్షుల కోసం విడిగా ఒక డబ్బా పెట్టాడు. మాడిన టేకు ఆకు మాత్రం దేవుడి ఫోటో పక్కన గుచ్చి ఉంది, తియ్యమంటే తియ్యడు.

వెనక వీధిలో బొగ్గు లారీ వాళ్ళావిడ ఈ సంగతి విని వచ్చి పది నంబరు పానా అడిగి తీసుకెళ్ళింది. మూడు వారాలైంది, ఇంకా తిరిగివ్వలేదు. వాళ్ళ లారీలో ఎన్ని సరుకులు బయటపడుతున్నాయో మరి!